పద్యనాటకమున పాత్రౌచిత్యము – ప్రేక్షకుని అసంతృప్తి

తెలుగు నాటక విమర్శ గ్రంథములందు కవికి స్థానము కలదు. నటునకు స్థానము కలదు. ప్రేక్షకునకు మాత్రము చోటు మిక్కిలి తక్కువ. అతడు చప్పట్లు కొట్టినప్పుడు ఆ సంగతి నటుని జీవితచరిత్రలో చేరును. నిట్టూర్చి లేచిపోయినప్పుడు ఎచటను చేరదు. పాత్రపోషణ విషయమున ప్రేక్షకుడు పొందు అసంతృప్తి అజ్ఞానజన్యము కాదనియు, శాస్త్రసమ్మతమైన విమర్శయే యనియు చూపుట ఈ వ్యాసోద్దేశము.

మేము కొన్ని సంవత్సరములుగా వికారాబాదు, తాండూరు పరిసర గ్రామములందు పద్యనాటక ప్రదర్శనములను చూచుచు, చూడవచ్చినవారితో ముచ్చటించుచున్నాము. 2016వ సంవత్సరమున ప్రత్యేక జిల్లాగా ఏర్పడిన ఈ ప్రాంతము కర్ణాటక సరిహద్దున నున్నది. నాపరాతి గనులలో పనిచేయువారు, కందిచేలు పండించు రైతులు ఇచటి ప్రేక్షకులలో అధికులు. పద్యనాటకము కంటె ముందే వీరికి యక్షగానము పరిచితము. యక్షగానమున ప్రధానపాత్ర ప్రవేశ దరువుతో వచ్చి, తానెవరో, తన స్వభావమెట్టిదో తెలిపిన పిమ్మటనే కథలో అడుగిడును. కావున ఈ ప్రేక్షకుడు రాగమునకు ముందు పాత్రను గుర్తించుటకు అలవాటుపడినవాడు. ఈ సంస్కారమే అతని అసంతృప్తికి మూలము.

తాండూరు సమీప గ్రామమున ఒక రాత్రి తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములను చూచితిమి. ఆచారము ననుసరించి ఆ రాత్రి శ్రీకృష్ణపాత్రను ముగ్గురు నటులు పంచుకొనిరి. ఒకరు పడకసీనున, ఒకరు రాయబారమున, ఒకరు యుద్ధరంగమున కనిపించిరి. ముగ్గురును మంచి గాయకులే. తెల్లవారిన పిదప ఒక వృద్ధ రైతును అభిప్రాయమడుగగా, కృష్ణులు ముగ్గురు వచ్చిరి గాని కృష్ణుడు మాత్రము రాలేదని అతడు వాపోయెను. మొదటి కృష్ణుడు కొంటెవాడు, రెండవవాడు కోపిష్ఠి, మూడవవాడు వేదాంతి. నాటకమందలి కృష్ణుడు ఈ మూడు గుణములను ఒక్క మనస్సులో నిమిడ్చుకొన్నవాడు. ఆ యేకత్వము నటుల మార్పిడితో చెదరిపోయినదని ఆ రైతు గ్రహించెను. హరిశ్చంద్ర నాటకమునకును ఇదియే గతి. అరణ్యమునకు ఒకడు, వారణాసికి ఒకడు, కాటికి ఒకడు వచ్చినచో, ఒక్క మనుష్యుడు క్రమముగా సర్వము కోల్పోవుటను మనమెట్లు చూడగలము?

ఈ లోపమునకు చరిత్ర కలదు. 1887లో బళ్ళారిలో ప్రదర్శింపబడిన చిత్రనళీయము మొదలుకొని ధర్మవరము రామకృష్ణమాచార్యులు తెలుగు రంగస్థలమునకు పాటను, పద్యమును బలముగా తెచ్చిరి. అది నాటకమునకు ప్రాణము పోసెను. కాని కాలక్రమమున పద్యము పాత్రను విడిచి స్వతంత్రమయ్యెను. ‘వన్స్ మోర్’ అను కేకతో అప్పుడే మరణించిన పాత్రయు లేచి పాడవలసివచ్చెను. బళ్ళారి రాఘవాచార్యులు ఈ పోకడను నిరసించి, సహజాభినయమునకే ప్రాధాన్యమిచ్చిరి. ఆయన నిరసనకు మన విమర్శ గౌరవమిచ్చినది. గ్రామ ప్రేక్షకుని నిరసనకు ఇయ్యలేదు. రెండును ఒక్కటియే.

అలంకారశాస్త్ర దృష్టితో చూచినను ప్రేక్షకుని పక్షమే న్యాయము. రసమునకు ఆలంబన విభావము పాత్ర. ఆలంబనము నిలకడగా లేనిచోట ఎంత మధురగానమైనను చెవికి సుఖము కలిగించును గాని రసమును కలిగింపదు. రసభంగమునకు అనౌచిత్యమే ముఖ్యకారణమని ఆనందవర్ధనుడు తేల్చిచెప్పెను. మా రైతు చెప్పినది ఆ సూత్రమునకు లక్ష్యమే.

ఇచట ఒక ఆక్షేపము రావచ్చును. వన్స్ మోర్ అని కేకలు వేయువాడు ప్రేక్షకుడే కదా. అతడే పాత్ర చెడినదని వగచుట ఎట్లు పొసగును? పొసగును. గానమునకు చెవి తలయూచును. కథకు మనస్సు కాచియుండును. ఈ రెంటిని కలుపు బాధ్యత నాటకకర్తది, ప్రయోక్తది. కలిపినచోట విరోధము లేదు. అందుకు తార్కాణము హరిశ్చంద్ర కాటిసీనే. అందు పాడు జాషువ పద్యములు బలిజేపల్లి లక్ష్మీకాంతకవి రచనలోనివి కావు. రంగస్థలము తరువాత చేర్చుకొన్నవి. అయినను ఏ ప్రేక్షకుడును వానిని అధికప్రసంగమనడు. రాజును పేదను ఒక్కటి చేయు శ్మశానమును గూర్చి, రాజ్యము పోయి కాటికాపరియైనవాడు పలుకుట ఉచితము. అంటరానితనపు వ్యథ నెరిగిన కవి మాట, వీరబాహునకు దాసుడైన రాజు నోట సహజముగా అమరినది. కావున ప్రక్షేపము దానంతటది దోషము కాదు. పాత్రకు అంటని ప్రక్షేపమే దోషము.

దీనికి విపరీతము చింతామణి. కాళ్ళకూరి నారాయణరావు వేశ్యాలోలత్వమును ఖండించుటకు రచించిన సంస్కరణ నాటకమిది. బిల్వమంగళుడు, భవానీశంకరుడు, సుబ్బిశెట్టి అను మువ్వురు ఒక్క వ్యామోహమున పడి చెడుదురు. ముగ్గురి పతనమును సమముగా తూచిననే నాటకమునకు అర్థము. కాని ప్రదర్శనములందు సుబ్బిశెట్టి ఘట్టము ఆశుసంభాషణలతో, బూతుమాటలతో పెరిగి పెరిగి తక్కిన కథను మ్రింగివేసెను. చెడిపోయిన మనిషిని చూడవలసినచోట ప్రేక్షకులు ఒక కులమును చూచి నవ్వసాగిరి. ఆర్యవైశ్యుల ఫిర్యాదుపై 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఈ నాటక ప్రదర్శనమును నిషేధించినది. ఆ నిషేధము న్యాయస్థానమున ప్రశ్నింపబడినది.

ఆ నొప్పి నిజమని మేము తలంతుము. మనిషిని కులమునకు కుదించుట పాత్రపోషణలో పరమానౌచిత్యము. కాని నాటకమునే నిషేధించుట చికిత్స కాదు. రోగము రంగస్థల పాఠమునందున్నది; నిషేధము కవి పాఠమును కూడ బంధించినది. విమర్శకులు దశాబ్దములకు ముందే ఆ రెంటిని వేరుచేసి చూపియుండినచో ప్రభుత్వము కలుగజేసికొను అవసరమే వచ్చియుండదు. ఈ తప్పులో విశ్వవిద్యాలయములకు భాగము లేదనలేము.

దూరదర్శనము వచ్చిన పిదప ఈ సమస్య తీవ్రతరమైనది. పందిరిలో దూరమున కూర్చున్నవానికి నటుని కంఠమే ముఖ్యము. తెరపై ముఖము దగ్గరగా కనిపించును. ఆలాపన సాగునంతసేపు నటుని కన్నులలో భావము లేకున్నచో ఇంటిలోని ప్రేక్షకుడు వెంటనే గుర్తించును. పాత్ర పారిపోయి గాయకుడు మిగిలెనని తెలిసికొనును. వికారాబాదులో మేము కలిసిన యువకులు పద్యనాటకమును తెరపై చూడలేకపోవుటకు చెప్పిన కారణమిదియే. భాష కఠినమని వారు చెప్పలేదు.

కావున చేయవలసిన పనులు రెండు. ముద్రిత నాటకముల ప్రక్కన ప్రదర్శన పాఠములను సేకరించి, ఏ చేర్పు పాత్రకు బలమైనదో, ఏది భారమైనదో పరిశీలింపవలెను. ప్రదర్శనానంతరము ప్రేక్షకుల అభిప్రాయములను ఊరూర నమోదు చేయవలెను. తెల్లవారుజామున దుప్పటి దులుపుకొని ఇంటికి పోవు రైతు నోట నాటకవిమర్శ వినిపించుచునే యున్నది. దానిని వ్రాసికొనువారు లేరు. పరిశోధక విద్యార్థులు ఆ కొరత తీర్తురుగాక.