కలరా గడిలోని కరువు మరణాలు: జన్యు నియంత్రణ వెలుగులో ధాత కరువు

వానలు పోయాయి, పంటలు పోయాయి, ఆపై కలరా వచ్చిపడింది: ధాత నామ సంవత్సరంలో (1876-77) దక్కనును కబళించిన కరువును గురించి చెప్పేటప్పుడు మనం సాధారణంగా పాటించే క్రమం ఇది. ఈ ‘వచ్చిపడటం’ అనే క్రియతోనే ఈ వ్యాసానికి పేచీ. నేటి అనంతపురం ప్రాంతంలో అధికభాగం అప్పటి బళ్లారి జిల్లాలోనిది. ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది 1882లో. మద్రాసు ప్రెసిడెన్సీలో 1877 ఒక్క ఏడాదిలోనే కలరా మరణాలు మూడున్నర లక్షలు దాటినట్లు నమోదైంది. ఆ గడిలో చేరిన మరణం ఆకలి ఖాతాలో కనిపించదు. రోగమూ కరువూ రెండు వేర్వేరు విపత్తులన్న భావనకు ఈ పట్టికే పునాది.

సూక్ష్మజీవశాస్త్రం ఈ విభజనను సమర్థించదు. విబ్రియో కలరే నీటిలో ఉన్నంతసేపూ విషాన్ని ఉత్పత్తి చేస్తూ కూర్చోదు. జఠరామ్లాన్ని దాటి చిన్నప్రేగు చేరాక, అక్కడి పైత్యరసం, బైకార్బొనేటు వంటి సంకేతాలను అది గ్రహిస్తుంది. టాక్స్‌-ఆర్, టీసీపీ-పీ అనే పొర ప్రోటీన్లు టాక్స్‌-టీ జన్యువును మేల్కొలుపుతాయి. టాక్స్‌-టీ ప్రేగుగోడపై స్థిరపడటానికి తోడ్పడే కేశాల జన్యువులనూ, విషపు జన్యువులనూ ఒకేసారి నడిపిస్తుంది. విషం నియంత్రణలో టాక్స్‌-ఆర్ పాత్రను మిల్లర్, మెకలనోస్ 1984లో నిరూపించారు. ఇంతకన్నా ఆసక్తికరమైనది ముగింపు ఘట్టం. సంఖ్య పెరిగాక హ్యాప్‌-ఆర్ అనే నియంత్రకం ఈ కార్యక్రమాన్ని అణచివేస్తుంది. క్రిములు గోడను వదిలి విరేచనంతో బయటపడతాయి. అలా అప్పుడే బయటపడినవి ప్రయోగశాలలో పెంచిన వాటికన్నా ఎంతో సులభంగా సోకుతాయని, నీటిలో ఆ శక్తి కొన్ని గంటలపాటు నిలుస్తుందని 2002లో వెలువడిన పరిశోధన తెలిపింది.

ఈ రెండు ఘట్టాలనూ సహాయ శిబిరానికి అన్వయించి చూడాలి. 1877 జనవరిలో రిచర్డ్ టెంపుల్ కూలివానికి నిర్ణయించిన రోజు వేతనం ఒక పౌను ధాన్యం, ఒక అణా. అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ వాదించాడు. పోషణ క్షీణించిన దేహంలో జఠరామ్లం తగ్గుతుంది. ఆమ్లం తగ్గితే తక్కువ క్రిములైనా ప్రేగును చేరగలవు. వేతనపు లెక్క ఆ మేరకు రోగపు లెక్క కూడా. ఇక రెండవది దూరం. చెదురుమదురు పల్లెలో రోగి విసర్జనకూ మరొకరి కడవకూ మధ్య రోజులు గడవవచ్చు. ఎండిన చెరువులో మిగిలిన ఒకే గుంట చుట్టూ వేలమందిని చేర్చిన చోట ఆ వ్యవధి గంటలకు కుదించుకుపోతుంది. ఇది నా అనుమితి. దస్తావేజులు నేరుగా చెప్పేది కాదు.

కాఖ్ కలకత్తాలో ఈ క్రిమిని వేరుచేసింది 1884లో. కాబట్టి నాటి అధికారులను నేటి జన్యుశాస్త్రంతో నిందించడం చరిత్ర రచన కాదు. అయితే ఆకలికీ రోగానికీ ముడి ఉందని గ్రహించడానికి జన్యుశాస్త్రం అవసరం లేదు. కార్నిష్‌కు అది లేకుండానే అర్థమయింది. క్రిమిని పొంచి ఉన్న శత్రువుగా చిత్రించే మన శాస్త్ర వ్యాసాల పరిభాష మాత్రం ఈనాటికీ కూలి రేటునూ, నీటి గుంటనూ వాక్యం బయటే నిలబెడుతోంది.