పక్క డిపార్ట్‌మెంట్ పేపర్

పరిశోధన పత్రం చేతికందగానే నేను ముందు చూసేది సారాంశం కాదు, రచయితల పేర్లు. ఎందరున్నారు, ఏ వరుసలో ఉన్నారు అన్నది ఆ రంగంలో పని ఎలా నడుస్తుందో చాలావరకు చెప్పేస్తుంది. 2002లో కాన్పూర్ ఐఐటీ నుంచి ఒక పత్రం వచ్చింది. ఎంత పెద్ద సంఖ్యనిచ్చినా అది ప్రధాన సంఖ్యో కాదో సందేహానికి తావు లేకుండా, లెక్క అదుపు తప్పకుండా తేల్చే పద్ధతి అందులో ఉంది. రాసినవాళ్లు ముగ్గురే: మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా. చివరి ఇద్దరూ అప్పుడే బీటెక్ ముగించిన కుర్రాళ్లు. పేర్లను ఇంగ్లిష్ అక్షర క్రమంలో పెట్టుకోవడం గణితంలో ఆనవాయితీ కాబట్టి, ఎవరి పని ఎంత అన్నది ఆ వరుసలో వెతకకూడదు. 2015లో సెర్న్ పరిశోధనాలయంలోని రెండు బృందాలు కలిసి హిగ్స్ బోసాన్ అనే కణం ద్రవ్యరాశిని లెక్కగట్టిన పత్రంలో 5,154 మంది రచయితలున్నారు. మొత్తం 33 పేజీల్లో అసలు విషయం 9 పేజీలే. తక్కినవన్నీ పేర్లూ, వాళ్ల సంస్థలూ. ఇవాళ్టి చాట్‌బాట్‌లకు పునాది వేసిన 2017 నాటి ట్రాన్స్‌ఫార్మర్ పత్రంలో ఎనిమిది మంది ఉన్నారు. అందరి వాటా సమానమనీ, పేర్ల వరుసకు అర్థం లేదనీ అడుగున చిన్న అక్షరాల్లో రాసుకున్నారు.

నేను పాఠం చెప్పింది భౌతికశాస్త్రం. కానీ ఇతర విభాగాల వైవాల్లో, ఎంపిక కమిటీల్లో కూర్చోవాల్సి రావడంతో పక్క డిపార్ట్‌మెంట్ల పేపర్లు చదవడం అలవాటైంది. ఈ చదువులో నాకు ఒంటబట్టిన పద్ధతి ఒకటుంది. ఇది సరైనదేనా అని అడిగేముందు, ఈ రంగంవాళ్లు దేన్ని సరైనదని ఒప్పుకుంటారో తెలుసుకోవాలి.

మా రంగంలో ఎంత తేడా ఉండొచ్చో చెప్పకుండా కొలత మాత్రమే చెబితే ఎవరూ వినరు. కొత్త కణాన్ని కనుగొన్నామని చెప్పాలంటే అయిదు సిగ్మాలు దాటాలి. అంటే, కణం ఏదీ లేకుండానే అలాంటి సంకేతం కాకతాళీయంగా వచ్చే అవకాశం సుమారు 35 లక్షల్లో ఒకటికి మించకూడదు. 2012 జులై 4న హిగ్స్ ప్రకటన వెలువడింది ఆ గడప దాటాకే. అయితే ఆ గడపా సరిపోదని అంతకు ముందే తెలిసొచ్చింది. న్యూట్రినోలు కాంతి కంటే 60 నానోసెకన్లు ముందుగా చేరాయని ఇటలీలోని ఒపెరా ప్రయోగం చెప్పినప్పుడు లెక్క ఆరు సిగ్మాల దాకా వెళ్లింది. తీరా చూస్తే ఒక ఫైబర్ కేబుల్ సరిగా బిగించి లేదు. ఆ బృందం తన ఫలితాన్ని అందరి ముందూ పెట్టి, తప్పెక్కడుందో వెతకమని అడిగింది. ఆ అడగడం మీద నాకు ఈనాటికీ గౌరవమే.

గణితజ్ఞుడికి 35 లక్షల్లో ఒక వంతు అనుమానం కూడా ఎక్కువే. ఒకే సైజు గోళాలను ఎలా పేరిస్తే ఖాళీ అతి తక్కువగా మిగులుతుందన్న కెప్లర్ ప్రశ్నకు థామస్ హేల్స్ 1998లో కంప్యూటర్ సాయంతో రుజువు ఇచ్చాడు. ఏళ్ల తరబడి పరిశీలించిన సమీక్షకులు 99 శాతం నమ్మకం ఉందన్నారు. చాలా రంగాల్లో పండగ చేసుకునే మాట అది. హేల్స్ మాత్రం మిగిలిన ఆ ఒక్క శాతం కోసం మరో పెద్ద పనికి దిగి, రుజువులోని ప్రతి అడుగునూ యంత్రం చేత తనిఖీ చేయించి 2014లో ముగించాడు. కంప్యూటర్ సైన్స్‌వాళ్లకు ఇంత ఓపిక పట్టే వీలు తక్కువ. వాళ్ల మంచి పని చాలావరకు జర్నళ్లలో కాక సదస్సుల్లో వస్తుంది. చెప్పిన ప్రోగ్రాం వేరొకరి మెషీన్ మీదా అలాగే నడుస్తుందా అన్నదే అక్కడ పెద్ద ప్రశ్న.

ఇక మేనేజ్‌మెంట్. ప్రశ్నావళి పంచి శాతాలు తీయడమేగా అని సైన్స్ స్టాఫ్‌రూముల్లో అంటుంటారు. అన్నవాళ్లు హెర్బర్ట్ సైమన్‌ను చదవలేదని నాకు అనిపిస్తుంది. 1935లో, ఇంకా విద్యార్థిగా ఉండగానే, ఆయన అమెరికాలోని మిల్వాకీ నగరంలో పిల్లల ఆటస్థలాల నిర్వహణ ఎలా ఉందో చూడబోయాడు. డబ్బు స్థలాల బాగోగులకు పెట్టాలా, పిల్లల్ని ఆడించే మనుషులకు పెట్టాలా అని రెండు విభాగాల మధ్య తగువు. ఆర్థికశాస్త్రం పుస్తకాల్లో చెప్పినట్టు లాభనష్టాలు బేరీజు వేసి నిర్ణయించేవాళ్లు ఆయనకక్కడ కనబడలేదు. ఎవరి విభాగం పనితో వాళ్లు మమేకమైపోయి, తెలిసినంతలో, తోచినంతలో నిర్ణయాలు తీసుకుంటున్నారు. మనిషి తెలివికి ఉన్న ఈ హద్దులే ఆయన జీవితకాలపు పరిశోధనాంశం అయ్యాయి. మనిషి నిర్ణయం తీసుకునే తీరును యంత్రం చేత చేయించవచ్చా అన్న ప్రశ్న అక్కడి నుంచే పుట్టింది. అలెన్ న్యూవెల్, క్లిఫ్ షాలతో కలిసి ఆయన 1956 నాటికి తయారుచేసిన లాజిక్ థియరిస్ట్ అనే ప్రోగ్రాం, రసెల్, వైట్‌హెడ్‌ల తర్కశాస్త్ర గ్రంథం ప్రిన్సిపియా మేథమెటికాలో ఒక అధ్యాయంలోని మొదటి 52 సిద్ధాంతాల్లో 38 నిరూపించింది. ఆటస్థలాల బడ్జెట్ తగువు తర్కశాస్త్రం దాకా నడిచింది! 1975లో ఆయనకు కంప్యూటింగ్‌లో ట్యూరింగ్ అవార్డు, 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చాయి. సైమన్, న్యూవెల్ పనిచేసిన కార్నెగీ మెలన్‌కే 1969లో మన ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరుకు చెందిన రాజ్ రెడ్డి వెళ్లి, యంత్రాలకు మాట వినడం నేర్పే పని కొనసాగించారు. ఆయనకూ 1994లో ట్యూరింగ్ దక్కింది.

ఇంకో పత్రం గురించి చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా వెళ్లిన సి.ఆర్. రావు అక్కడ అంచనాల్లో ఉండే తప్పు గురించి పాఠం చెబుతుండగా, పెద్ద నమూనాలకు వర్తించే ఈ ఫలితం చిన్న నమూనాలకు వర్తిస్తుందా అని వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి అడిగాడు. తర్వాత పేరుమోసిన ఆర్థికవేత్త అయింది ఆ దండేకరే. రావు ఆ రాత్రే కూర్చుని జవాబు కనుక్కున్నారు. ఒక పక్షానికి మొగ్గకుండా ఎంత తెలివిగా అంచనా వేసినా, చేతిలో ఉన్న సమాచారాన్ని బట్టి ఒక హద్దు కంటే తక్కువ తప్పుతో వేయలేం అన్నది ఆ ఫలితం. 1945లో కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయింది. ఆ హద్దును రాడార్ ఇంజనీర్లు వాడుతున్నారు, క్వాంటమ్ కొలతలు చేసే భౌతికశాస్త్రజ్ఞులు వాడుతున్నారు. అదే పత్రంలోని జ్యామితి ఇప్పుడు మెషీన్ లెర్నింగ్‌లో పనికొస్తోంది. 2023లో, 102 ఏళ్ల వయసులో, ఆయనకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ఆ పని మీదే వచ్చింది.

అటువంటి పత్రానికి ఇవాళ మన కాలేజీల్లో ఎన్ని పాయింట్లు వేస్తారో ఊహించుకుంటే గుండె బరువెక్కుతుంది. 2010లో యూజీసీ పాయింట్ల పద్ధతి తెచ్చినప్పటి నుంచీ అన్ని శాస్త్రాలకూ దాదాపు ఒకే తూనిక. మొదటి పేరుకు ఎక్కువ వాటా ఇస్తే, అక్షర క్రమంలో చివరనున్న గణితజ్ఞురాలు ఏం పాపం చేసింది? సదస్సు పత్రానికి తక్కువ వేస్తే కంప్యూటర్ సైన్స్ కుర్రాడు తన మంచి పనిని ఎక్కడ చూపించుకోవాలి? ఆరు నెలలు ఒక కర్మాగారంలో కూర్చుని మనుషుల్ని గమనించినవాడికీ, ఎక్కడా కూర్చోకుండా ప్రశ్నావళి తిప్పినవాడికీ ఒకే మార్కులా? పరిశోధన మీద నిజమైన ఆశ పెట్టుకుని వచ్చిన పిల్లలు మూడో ఏటికల్లా పాయింట్ల పట్టికలు నింపుకుంటూ కనబడుతున్నారు.

ఎంపిక కమిటీకి పిలిస్తే నేను జాబితా పక్కన పెట్టమంటాను. మీ పత్రాల్లో మీకు నచ్చింది ఒకటి తీసుకుని బోర్డు దగ్గరకు రండి, ఇందులో తప్పు దాక్కుని ఉంటే ఎక్కడ ఉంటుందో, దాన్ని మీరు ఎలా వెతికారో చెప్పండి అంటాను. గణితంవాళ్లు ఒక లెమ్మా దగ్గర ఆగుతారు, భౌతికశాస్త్రంవాళ్లు పరికరం దగ్గర, కంప్యూటర్‌వాళ్లు డేటా దగ్గర. మేనేజ్‌మెంట్ స్కాలర్ ఒకామె, తాను పక్కన ఉన్నంతసేపూ కార్మికులు మామూలుగా పనిచేయలేదేమోనన్న అనుమానం దగ్గర ఆగింది. ఆ అనుమానం తీర్చుకోవడానికి రాత్రి షిఫ్టు రికార్డులు తెప్పించుకుని తన లెక్కతో ఎలా సరిపోల్చుకుందో అరగంట సేపు వివరించింది. ఆమెకు పూర్తి మార్కులు వేశాను.