యూనిట్ – 9: రికార్డును వినడం, విమర్శించడం – జాజ్ ప్లేట్లు, రంగస్థల పద్యం

9.0 ఉద్దేశాలు

ఈ యూనిట్ చదివిన తర్వాత మీరు:
• పాత రికార్డు ఒక ప్రదర్శనలో దేన్ని నిలిపిందో, దేన్ని వదిలేసిందో గుర్తించగలుగుతారు.
• నాలుగు జాజ్ రికార్డుల విశిష్టతను వివరించగలుగుతారు.
• అదే దృష్టితో తెలుగు రంగస్థల రికార్డులను విమర్శించగలుగుతారు.

9.1 పరిచయం

చీరాల, బాపట్ల, తెనాలి ప్రాంతాల్లో పద్యనాటకం వింటూ పెరిగినవారికి జాజ్ దూరపు సంగీతంగా తోచవచ్చు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో నల్లజాతి కళాకారుల చేతుల్లో అది రూపుదిద్దుకుంది. అయినా ఈ రెండింటికీ దగ్గరి పోలిక ఉంది. పద్యం నాలుగు పాదాలే, కాని నటుడు చివరి పాదం మీద రాగం తీస్తూ దాన్ని ఎంతసేపైనా పెంచగలడు. జాజ్ కళాకారుడు కూడా ఒక చిన్న వరుసను తీసుకొని అప్పటికప్పుడు పెంచుతాడు. మనం దీన్నే మనోధర్మం అంటాం.

అప్పటికప్పుడు పుట్టే సంగీతం ఆ రాత్రితోనే పోతుంది. దాన్ని నిలిపింది రికార్డు. అయితే ఆ రికార్డును ఎంతవరకు నమ్మాలి? జాజ్ అభిమానులు దశాబ్దాలుగా ఇష్టంగా వింటున్న నాలుగు రికార్డుల ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

9.2 మూడు నిమిషాల హద్దు

మన దేశంలో గ్రామఫోను రికార్డింగ్ 1902లో కలకత్తాలో మొదలైంది. పది అంగుళాల 78 ప్లేటుకు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలే పట్టేది. కలకత్తాలో పాడిన గాయకుడికీ, చికాగోలో వాయించిన ట్రంపెట్ కళాకారుడికీ ఉన్న హద్దు ఇదే.

ఈ హద్దులో ఎంత సాధించవచ్చో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1928 జూన్‌లో చికాగోలో రికార్డు చేసిన 'వెస్ట్ ఎండ్ బ్లూస్' చూపుతుంది. మొదట తోడు వాద్యాలేవీ లేకుండా ట్రంపెట్ ఒక్కటే కొద్ది సెకన్లు మోగుతుంది. మన ఆలాపనలాగే అది పాట స్వభావాన్ని ముందే పరిచయం చేస్తుంది. మధ్యలో ఆర్మ్‌స్ట్రాంగ్ మాటలు లేకుండా గొంతుతోనే క్లారినెట్‌కు జవాబు చెబుతాడు. చివరి ఆవృత్తిలో ఒకే పై స్వరాన్ని నాలుగు బార్ల పాటు పట్టి నిలుపుతాడు. దీన్ని ఇంకా పొడిగించి ఉంటే బాగుండేదని శ్రోతకు అనిపించదు. హద్దు ఇక్కడ శిల్పానికి మేలు చేసింది.

అన్ని రచనలూ ఈ కొలతకు ఒదగలేదు. డ్యూక్ ఎలింగ్టన్ తల్లి మరణించిన తర్వాత 1935లో కూర్చిన 'రెమినిసింగ్ ఇన్ టెంపో' నాలుగు వైపులకు విస్తరించింది. శ్రోత మూడుసార్లు లేచి ప్లేటు తిప్పడమో మార్చడమో చేయాలి. దుఃఖం మీద సాగే రచనకు ఆ అంతరాయం చిన్న నష్టం కాదు.

9.3 మన ప్లేట్లు: స్థానం వారి పాట

బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు గారు స్త్రీ పాత్రలకు పేరు పొందిన నటులు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. 'శ్రీకృష్ణ తులాభారం' నాటకంలో సత్యభామ పాత్ర కోసం ఆయన స్వయంగా రాసుకొన్న 'మీరజాలగలడా' పాట ప్లేటుగానూ వచ్చింది.

ఆ రికార్డు మనకు ఇచ్చేది ఆయన గొంతును మాత్రమే. నడక, చూపు, జడ పట్టుకొనే తీరు ప్లేటులోకి ఎక్కవు. స్థానం వారి నటన అంతా వాటిలోనే ఉందని చూసినవారు చెప్పుకొనేవారు. 'వన్స్ మోర్' అన్నప్పుడల్లా నటుడు అదే పాటను వేరే భావంతో అందుకొనే సంప్రదాయం మన రంగస్థలానిది. ప్లేటులో మిగిలేది వాటిలో ఒక్క భావమే. 1966 నాటి సినిమాలో పి. సుశీల గారు పాడిన అదే పాటను దీనితో కలిపి వినండి. సినిమా పాటకు తెరమీద బొమ్మ తోడుంది. పాత ప్లేటులో మాత్రం పురుష కంఠం ఒక్కటే సత్యభామ గర్వాన్ని మోయాలి. ఆ కష్టాన్ని గుర్తించకుండా రెంటి మధ్య తీర్పు చెప్పడం సరికాదు.

'పాతవాళ్లు రాగం ఇంతే తీసేవారా?' అని ప్లేట్లు విన్న నేటి శ్రోత అనుకోవచ్చు. ప్లేటు మీద రాగం ఆగిన చోట నటుడి శక్తి ఆగిందని అర్థం కాదు, అక్కడ మైనం అయిపోయింది.

9.4 ఎల్పీ తెచ్చిన మార్పు

1948లో ఎల్పీ వచ్చింది. ఒక్కో వైపు ఇరవై నిమిషాలు దాటి పట్టింది. దీన్ని పూర్తిగా వాడుకొన్న రికార్డు మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ'. 1959 మార్చి, ఏప్రిల్ నెలల్లో న్యూయార్క్‌లో రికార్డయింది. మొదటి అంశం 'సో వాట్' తొమ్మిది నిమిషాలు దాటుతుంది. 32 బార్ల ఆవృత్తిలో మొదటి 16 ఒకే స్వరశ్రేణిలో నడుస్తాయి. మనకు అది ఖరహరప్రియ మెట్లుగా వినిపిస్తుంది. తర్వాతి 8 అర స్వరం పైకి జరుగుతాయి, చివరి 8 మళ్లీ మొదటి చోటికి వస్తాయి. స్వరాలు తక్కువ, తీరిక ఎక్కువ. డేవిస్ వాయించిన స్వరాలతో పాటు వాయించకుండా వదిలిన ఖాళీలనూ వినాలి.

ఈ రికార్డు కూడా పూర్తిగా నమ్మదగింది కాదు. మార్చి నాటి టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరగడంతో ఎల్పీ మొదటి వైపు అసలు శ్రుతికంటే కొంచెం పైన వినిపించేది. దీన్ని 1990లలో సరిచేశారు. 78 ప్లేట్ల వేగం కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. అందుకే పాత నటుడి శ్రుతిని ప్లేటు విని తేల్చేముందు హార్మోనియంతో సరిచూసుకోవాలి.

9.5 శ్రోత పాత్ర

ఎలింగ్టన్ 'డిమినుయెండో', 'క్రెసెండో' అనే రెండు భాగాల రచనను 1937లో ఒకే ప్లేటు రెండు వైపులా ఇచ్చాడు. 1956 జులైలో న్యూపోర్ట్ ఉత్సవంలో ఈ రెండు భాగాల నడుమ పాల్ గొన్సాల్వెస్ శాక్సఫోన్ మీద 27 ఆవృత్తులు వాయించాడు. ఒకప్పుడు ప్లేటు తిప్పడానికి ఆగిన చోట ఆరు నిమిషాల మనోధర్మం పుట్టింది. జనం లేచి కేకలు వేశారు, ఆ కేకలు అతన్ని ఇంకా ముందుకు తోశాయి. మన నాటకాల్లో 'వన్స్ మోర్' చేసే పని ఇదే.

ఆ ఏడాది వచ్చిన ఎల్పీలో కొన్ని అంశాలు మాత్రం స్టూడియోలో మళ్లీ వాయించి చప్పట్లు కలిపినవి. అసలు కచేరీ 1999లో గాని పూర్తిగా బయటికి రాలేదు. గొన్సాల్వెస్ ఘట్టం నిజం, చుట్టూ ఉన్నదాంట్లో కొంత కల్పన. రికార్డును కేవలం మెచ్చుకొని ఊరుకొనే వ్యక్తికీ, విమర్శకుడికీ తేడా ఇక్కడ తెలుస్తుంది.

9.6 విమర్శకుని బాధ్యత

జాజ్‌కు ఎల్పీ సకాలంలో అందింది. మన పద్యానికి ఆ తీరిక చాలావరకు కేసెట్లతోనే దొరికింది. అప్పటికి తొలితరం నటులు అనేకులు లేరు. బలిజేపల్లి లక్ష్మీకాంత కవి 'సత్యహరిశ్చంద్రీయం' కాటి సీను కేసెట్లు ఊరూరా మోగాయి. అందులో నటులు జాషువా గారి శ్మశాన పద్యాలను చేర్చి పాడడం అందరూ ఎరిగినదే. రాసిన నాటకాన్ని సైతం ప్రదర్శన పెంచుతుందనడానికి ఇది నిదర్శనం. ఆ కేసెట్లు ఇప్పుడు ఇళ్లలో బూజు పడుతున్నాయి. ప్లేట్లలో పట్టని పద్యం మిగిలింది వాటిలోనే. వాటిని పాడయ్యేలోపు విని, ఏ ఊళ్లో, ఏ సందర్భంలో, ఎవరు పాడారో రాసి పెట్టడం కూడా విమర్శలో భాగమే.

9.7 సారాంశం

నిడివి దానికదే గొప్పతనం కాదు. 'వెస్ట్ ఎండ్ బ్లూస్' మూడు నిమిషాల్లోనే పూర్ణం. ఉన్న హద్దులో కళాకారుడు ఏం కల్పించాడు, యంత్రం ఏం తీసేసింది, శ్రోతలు ఏం కలిపారు అనే మూడు ప్రశ్నలు వేసుకొన్న తర్వాతే రికార్డు మీద తీర్పు చెప్పాలి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి
1. 'సో వాట్' స్వరశ్రేణి మనకు ఏ రాగపు మెట్లుగా వినిపిస్తుంది?
2. ఎలింగ్టన్ 1937 నాటి రచనకు 1956లో ఏం చేరింది?

నమూనా పరీక్షా ప్రశ్నలు
I. క్రింది ప్రశ్నకు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. 78 ప్లేటు కాలపరిమితి రంగస్థల పద్యం మీద, జాజ్ మీద చూపిన ప్రభావాన్ని పోల్చి విమర్శించండి.
II. క్రింది ప్రశ్నకు 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. మీ ఊళ్లో దొరికే ఒక నాటక కేసెట్టును విని, 'వన్స్ మోర్' తర్వాత నటుడు పద్యంలో చేసిన మార్పులను వివరించండి.