తల్లి గడప దాటే ఇల్లు

మన ఇళ్లలో కూతురు గడప దాటుతుంది. నీ ఇంట తల్లే దాటుతుంది, పుట్టతేనెటీగా! కట్టిన పట్టు, కూడబెట్టిన పుప్పొడి, అరల్లో పెరిగే పసికందులు, అన్నీ ఇంకా పుట్టని కూతురికి వదిలేసి, కడుపు నిండా పట్టినంత తేనెతో, సగం పరివారంతో పాత రాణి లేచిపోతుంది. ఇంతటి దానగుణం నేను మరెక్కడా చూడలేదు.

నీకా తలపు కరువులో రాదు, కలిమిలో వస్తుంది. పూత విరగబూసి, కూలి ఈగలు కాళ్లకు పుప్పొడి ముద్దలతో బారులు తీరే రోజుల్లో పిల్లల గది కిటకిటలాడుతుంది. రాణి ఒంటివాసన ఒకరినొకరు తాకుతూ పంచుకునేది. ఆ రద్దీలో అది మూలమూలకూ అందదు. అందని చోట కొత్త రాణికి గది లేస్తుంది.

ఫ్రేమును మెల్లగా పైకి తీసి ఎండవైపు తిప్పితే కనపడుతుంది నీ రహస్యం. పట్టు కింది అంచున, తలకిందులుగా వేలాడే రాణి గది. మూత వేసిన కొత్తలో అంతా మైనమే. లోపలి పిల్ల బయటికొచ్చే గడియ దగ్గరపడితే కూలి ఈగలు కొసనున్న మైనాన్ని గీకేస్తాయి. గోధుమరంగు పొర బయటపడుతుంది. ఆ రంగు చూస్తే నా చేతులు తొందరపడతాయి. మరోచోట పోతుటీగల అరలు. ఒక్కో మూత నడిమధ్య సూదిమొనంత బెజ్జం. అది నీ జాతి ముద్ర, సీమ తేనెటీగకు లేదు.

ఇక రాణికి మేత తగ్గుతుంది. కూలి ఈగలు ఆమెను పట్టి కుదుపుతాయి, ఒకచోట నిలవనివ్వవు. గుడ్లు తగ్గి, పొట్ట సన్నబడి, ఎన్నాళ్లో ఎగరని ఒళ్లు మళ్లీ గాలికి సిద్ధమవుతుంది. లోకం ఆమెను రాణి అంటుంది గాని, ప్రయాణం నిర్ణయించేది పరివారమే.

గుంపు లేచిపోతే ఆ ఏడు తేనె పోయినట్టేనని పెంపకందారుల దిగులు. దిగులు నిజమే. దానికి కత్తెర పట్టి రాణి రెక్క కత్తిరించడం నాకు కిట్టదు. రెక్క తెగిన తల్లి పెట్టె ముందు గడ్డిలో పడిపోతుంది. గుంపు వెనక్కి వస్తుంది, కొన్నాళ్లు ఆగి కన్నెరాణితో మళ్లీ లేస్తుంది. రాణి గదులు నలిపేసినా అంతే. కంటబడని గది ఒక్కటి చాలు. నీ పంతం ముందు మన పంతం ఏపాటిది?

అమెరికాలోని కెంటకీలో జార్జ్ డెమరీ అనే పెంపకందారు నీ చుట్టమైన సీమ తేనెటీగ మనసు చదివాడు. 1892లో ఆయన చెప్పిన ఉపాయం ఇది: రాణిని కింద ఖాళీ పట్ల మీద ఉంచి, పిల్లలున్న పట్లను రాణి దూరలేని జల్లెడకు పైన పెట్టాలి. పాలిచ్చే దాదులు పిల్లల వెంట పైకి పోతారు. కింద తల్లికి చోటు దొరుకుతుంది. ఇల్లు విడిపోయినట్టే ఉంటుంది, ఎవరూ గడప దాటరు. పైన మళ్లీ రాణి గదులు లేస్తున్నాయేమో వారం తిరిగేలోగా చూసుకోవాలి, అంతే. మన చిన్న పెట్టెలకు అంతకంటే సులువైన దారుంది: తల్లిని, కొన్ని పిల్లల ఫ్రేములను, తేనెను, దాదులను దండిగా కొత్త పెట్టెలోకి మార్చి, పాతచోట మంచి రాణి గది ఒక్కటి మిగల్చడం. నీవు కోరిన వేరుకాపురం నీకంటే ముందే పెట్టడం.

అయినా నీవు లేచిన రోజు నిన్ను తిట్టలేను. కొమ్మకు వేలాడే ఆ గుంపు మీద ఏం జరుగుతుందో తెలిశాక అసలే తిట్టలేను. 1949లో మ్యూనిక్‌లో మార్టిన్ లిండవర్ అనే శాస్త్రవేత్త అలాంటి సీమ తేనెటీగల గుంపు మీద నాట్యమాడే ఈగలను చూశాడు. పూల దుమ్ము లేదు వాటి ఒంటిమీద. ఒకదానికి మసి, ఒకదానికి ఇటుకపొడి, మరొకదానికి పిండి. పొగగొట్టాలూ గోడసందులూ గాలించి వచ్చిన ఇల్లు వెతికేవాళ్లు అవి! మంచి చోటు చూసినది ఎక్కువసేపు ఆడుతుంది, ఆ ఆటకు మరికొందరు కదిలి వెళ్లి స్వయంగా చూసి వస్తారు. ఎంత మంచి చోటైనా, చూసొచ్చిన ప్రతిసారీ ఆట కొంత తగ్గిస్తుంది. తన మాటే నెగ్గాలని పట్టుబట్టే గొంతు ఒక్కటీ లేకుండా, వేల ఈగలు ఒక్క ఇంటికి ఒప్పుకుంటాయి. ఒప్పుకున్నాక రెక్కల కండరాలు వెచ్చజేసుకుని ఒక్కుమ్మడిగా లేస్తాయి.

లేచి రా తల్లీ. చెట్టునీడన ఎత్తుగా పెట్టె కట్టాను. లోపల పాతమైనం రుద్దాను, చీమలెక్కకుండా కాళ్లకు నీళ్లగిన్నెలు పెట్టాను, గుమ్మం చిన్నదే ఉంచాను. ఇల్లు వెతికేవాళ్లను పంపు, చూసి వెళ్లమను. నచ్చితే వాళ్లే ఆడి చెబుతారు.