చేసి చూశాకే నోటుబుక్కులోకి

మేముండేది కోదాడలో. అమ్మానాన్న సూర్యాపేటలో, చెల్లె వాళ్లు మిర్యాలగూడలో ఉంటారు. మూడిళ్ల ఫోన్లలోకీ కథలు, కషాయాలు, కాగితం బొమ్మలు, చదువు చిట్కాలు పొద్దస్తమానం వస్తూనే ఉంటాయి. వచ్చినవాటిని వచ్చినట్టే ఇంకొకరికి పంపడం మానేశాను. శనివారం రాత్రి కూర్చుని, ఆ వారం చూసినవాటిలో పనికొచ్చేవి ఏరి నోటుబుక్కులో రాసుకుంటాను. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, మన ఇంట్లో చేసి చూస్తే ఏమైంది అని మూడూ రాస్తాను. ఆదివారం పొద్దున ఆ పేజీ ఫొటో తీసి అమ్మకూ చెల్లెకూ పంపుతాను.

ఈ పని మీద పడ్డాక నాకు గట్టిగా తెలిసొచ్చిన సంగతి ఒకటుంది. అన్నింటికీ ఒకే కొలత పనికిరాదు. బొమ్మ కుదరకపోతే నాలుగు అగ్గిపుల్లలు దండగ, అంతే. కథ నచ్చకపోతే పిల్లలు లేచి ఆడుకోవడానికి పోతారు. వైద్యం అట్లా కాదు, తప్పితే మనిషికే ముప్పు. అందుకే బొమ్మలను, కథలను ధారాళంగా రానిస్తాను. ఆరోగ్యం విషయంలో మాత్రం ఊరూ పేరూ లేని మాటను రాసుకోను, ఎవరికీ పంపను.

బొమ్మల పేజీల్లో ఎక్కువసార్లు కనిపించే పేరు అరవింద్ గుప్తా. కాన్పూర్ ఐఐటీలో చదివిన ఈయన 1978లో ఉద్యోగానికి సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ సైన్స్ బోధన కార్యక్రమానికి వెళ్లారు. పల్లె బడుల్లో ఖర్చు లేని సామానుతో సైన్స్ చెప్పే దారి అక్కడ పట్టుకున్నారు. తర్వాత పుణెలోని ఖగోళ పరిశోధన సంస్థ ఐయూకాలో ఉన్న పిల్లల సైన్స్ కేంద్రంలో చాలా ఏళ్లు పనిచేశారు. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన బొమ్మల వీడియోలు, పుస్తకాలు ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. తెలుగులో చెప్పిన వీడియోలు కూడా ఉన్నాయి. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం వాళ్లు ఆయన పుస్తకాలను తెలుగులో వేశారు.

ఆయన అగ్గిపుల్లల బొమ్మలకు కావలసింది ఒక అగ్గిపెట్టె, కాస్త సైకిల్ వాల్వు ట్యూబు. ట్యూబును ఒకటిన్నర సెంటీమీటరు ముక్కలుగా కోసుకోవాలి. పుల్లల తలలకున్న మందును బ్లేడుతో గీకేయాలి. ఈ పని పెద్దవాళ్లదే, పిల్లల చేతికి ఇవ్వొద్దు. ముక్కకు అటో పుల్ల, ఇటో పుల్ల దూరిస్తే వంగే కీలు తయారవుతుంది. మూడు కీళ్లు, మూడు పుల్లలు కలిపితే త్రిభుజం, నాలుగైతే చతురస్రం. చతురస్రాన్ని మూల మీద వేలితో నొక్కితే పక్కకు ఒరిగిపోతుంది. త్రిభుజం ఎంత నొక్కినా కదలదు. ఒరిగిపోయేదానికి మూల నుంచి మూలకు ఇంకో పుల్ల కడితే అదీ బిగుసుకుంటుంది. మూడో దిక్కుకు పుల్ల పెట్టాలంటే ట్యూబు ముక్క నడుమ తుమ్మముల్లుతో చిల్లు పొడవాలి. మన దగ్గర తుమ్మముల్లుకు కొదవా? రెండు త్రిభుజాలను మూడు పుల్లలతో కలిపితే చిన్న గుడిసె నిలబడుతుంది.

ఆ గుడిసె కట్టాక మా పాప నాతో కలిసి మిర్యాలగూడలో చిన్నమ్మ వాళ్లింటికి పోయింది. దారిలో ఒక రైస్ మిల్లు షెడ్డు కప్పు కింద ఇనుప కమ్ములు చూసి, "అమ్మా, అన్నీ మూడు మూలలవే!" అని అరిచింది. మిర్యాలగూడలో మిల్లులకేం తక్కువ? ఆ రోజంతా షెడ్ల కప్పులే చూసుకుంటూ తిరిగాం. కరెంటు టవర్లలోనూ త్రిభుజాలే దొరికాయి. ఏ లెక్కల పుస్తకమూ ఇంత బాగా అర్థం చేయించలేదు.

పుస్తకాల వంతు అమ్మది. 1947 జూలైలో మొదలైన చందమామ పాత సంచికలు స్కాన్ చేసినవి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆ పత్రికను నడిపించారు. అందుకేనేమో, ఆ కాలపు వాక్యం పైకి చదువుతుంటే ఎక్కడా అడ్డు తగలదు. అమ్మకు అచ్చు పుస్తకంలో అక్షరాలు ఆనవు. ఫోన్లో పెద్దవి చేసుకుని సూర్యాపేట నుంచి చదువుతుంటే ఇక్కడ పిల్లలు వింటారు. మరీ చిన్నవాళ్లకు ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో తెచ్చిన స్టోరీవీవర్‌లో బొమ్మల కథలున్నాయి. వాటిని ముద్రించి పంచుకోవడానికీ అనుమతి ఉంది. తెలుగు అనువాదాలన్నీ ఒక్క తీరుగా లేవు. ముందు నేను పైకి చదివి చూస్తాను, నాలుక తడబడితే ఆ కథ వదిలేస్తాను.

మన ఊరి సంగతి మనకు ఫోన్లో దొరకడం ఒక్కోసారి మనసును పట్టి కుదుపుతుంది. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2023లో తొలినాటి బౌద్ధ శిల్పాల ప్రదర్శన పెట్టింది. అందులో ఫణిగిరి తోరణ శిల్పం ఉంది. ఫణిగిరి మన సూర్యాపేట జిల్లా నాగారం మండలంలోదే! ఆ మరుసటి ఏడాది అక్కడి తవ్వకాల్లో ఒక కుండ బయటపడింది. అందులో 3,730 సీసపు నాణేలున్నాయి, ఇక్ష్వాకుల కాలం నాటివి. ఒకవైపు ఏనుగు, ఇంకోవైపు ఉజ్జయిని గుర్తు. ఆ ఫొటోలు చూసి పిల్లలు బంకమట్టితో బిళ్లలు చేసి, పుల్లతో ఏనుగులు గీసి ఎండబెట్టారు. తర్వాత అందరం ఫణిగిరి గుట్ట ఎక్కి వచ్చాం. జిల్లాలోని బడులన్నీ పిల్లలను ఏడాదికోసారైనా అక్కడికి తీసుకుపోవాలని నా గట్టి అభిప్రాయం.

ఇక ఆరోగ్యం. ఈ పేజీలో రాతలు తక్కువ, రాసినవి మాత్రం వంటింటి గోడ మీద అంటించాను. మొదటిది విరేచనాలకు ఓఆర్‌ఎస్. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా విరుచుకుపడింది. సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి వేలమందిని నిలబెట్టారు. పొట్లం కొనేటప్పుడు డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసి ఉందో లేదో చూసుకోవాలి. పండ్ల రుచితో అమ్మే తీపి పానీయాలు దానికి సాటి రావు. పొట్లం దొరకని రాత్రి లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలపాలి. చెంచాలు కుప్పగా కాదు, అంచుకు సమానంగా ఉండాలి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం.

రెండోది పాము కాటు. సాగర్ ఎడమ కాలువ కింద నాట్లు పడ్డాయంటే గట్ల మీద భయం మొదలవుతుంది. తాడు బిగించి కట్టండి, బ్లేడుతో గాటు పెట్టి నోటితో పీల్చండి అనే మెసేజ్‌లు ఆ రోజుల్లోనే జోరుగా తిరుగుతాయి. ఈ మూడూ చెయ్యకూడని పనులే. కరిచిన మనిషిని నడిపించొద్దు, పరుగెత్తించొద్దు. ఉంగరాలు, కడియాలు, మెట్టెలు తీసేయాలి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా బద్ద పెట్టి, 108 పిలిచి, విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చాలి. పామును చంపి సంచిలో తేనక్కర్లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటికీ పనిచేసే మందు ఒకటే. పసరు, మంత్రం అంటూ పోగొట్టుకునే గంట మళ్లీ రాదు.

ఈ నాలుగు ముక్కలు నమ్మకంగా, మా అమ్మకు అర్థమయ్యే తెలుగులో వెతికి పట్టుకోవడానికి బొమ్మలకన్నా కథలకన్నా ఎక్కువ శ్రమపడ్డాను. తప్పుడు మెసేజ్ మాత్రం వద్దన్నా ఇంటికొస్తుంది. సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ నడుస్తోంది. కోదాడలో, మిర్యాలగూడలో మంచి డాక్టర్లున్నారు. అయ్యా, అమ్మా, వచ్చే నాట్లలోపు మీలో ఒకరు మన యాసలో, మీ పేరు చెప్పి, పాము కాటు మీద రెండు నిమిషాలు మాట్లాడి ఫోన్లోకి వదలండి. ఊరూరా పంపే బాధ్యత మాలాంటి తల్లిదండ్రులది.