అర్థం తెలియని తాళ్ళు

‘కంప్లేంట్ ఆఫ్ స్కాట్లండ్’ అనే పాత వచన గ్రంథం పేరు మనలో చాలామంది విని ఉండరు. 1550 ప్రాంతంలో స్కాట్స్ భాషలో వచ్చింది. ఇంగ్లండు దాడులతో చితికిపోయిన స్కాట్లండు ఒక తల్లి రూపంలో వచ్చి ప్రభువులు, మతాచార్యులు, సామాన్యులు అనే ముగ్గురు కొడుకుల్నీ నిలదీస్తుంది. ఈ ఎత్తుగడ ఫ్రెంచి రచయిత అలెయిన్ షార్టియే దగ్గర ఎరువు తెచ్చుకున్నదే. ఆ ఉపన్యాసాలు చదువుతుంటే ఆవలింతలు రాకపోతే నన్నడగండి!

మధ్యలో ఎక్కడో రచయిత కాళ్ళు సాగదీసుకుంటూ సముద్రపొడ్డుకు పోతాడు. అక్కడ ఒక ఓడ లంగరెత్తుతోంది. ఒకడు కేకవేస్తాడు, మిగతావాళ్ళు అందుకుంటారు. ఏ తాడు బిగించాలో, ఏ తాడు వదలాలో అన్నీ పేరుపేరునా కేకలే. వాటి అర్థం తనకు తెలియదనీ, అయినా విన్నది విన్నట్టు రాస్తాననీ ఆయన చెప్పేస్తాడు. నాకు పుస్తకం ప్రాణం పోసుకున్నది అక్కడే. అసలు విషయానికి ఇదంతా అడ్డం కదా అంటారేమో. కావచ్చు. కానీ చాలామంది నవలాకారులు ‘ఏదో తాడు లాగారు’ అని దాటేసేచోట ఈయన ఆగి చెవొగ్గాడు. మనకు మాత్రం గొడ్డుకి పలుపు, నూతికి చేంతాడు అని వేరే పేర్లు లేవూ? తాడుతో బతికేవాడికి ‘తాడు’ అన్న ఒక్కమాట చాలదు. 1872లో ఈ గ్రంథాన్ని పరిష్కరించి ప్రచురించినవాడు జేమ్స్ మరే. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకు తర్వాత సంపాదకుడైంది ఆయనే.

అయితే ఆ ఒడ్డున ఓడ ఉంది, మగవాళ్ళున్నారు. చేపల తాళ్ళు ముట్టుకునే ఆడవాళ్ళు మాత్రం లేరు. వాళ్ళ కోసం నేను 1700 తర్వాతి మాటలకు ఏర్పడిన స్కాట్లండ్ జాతీయ నిఘంటువు (1931–1976, పది సంపుటాలు) తిరగేయవలసి వచ్చింది. అందులో ‘టౌ’ అంటే తాడు. పడవకు కట్టేదీ అదే, ఉరికంబం మీద మెడకు తగిలించేదీ అదే. ‘స్నూడ్’ దగ్గర నేను ఆగిపోయాను. ఒక అర్థం, పెళ్ళికాని పిల్ల తలకు చుట్టుకునే రిబ్బను. ఇంకో అర్థం, గాలాన్ని పెద్ద తాడుకు కలిపే చిన్న పేట. గుర్రపు వెంట్రుకలు పురిపెట్టి చేసేవారు.

నిఘంటువుకేం, ఒకటి, రెండు అని అంకెలు వేసి ఊరుకుంది! ఈశాన్య తీరపు పల్లెల్లో వందలకొద్దీ గాలాలకు ఆల్చిప్పల మాంసం ఎర గుచ్చే చాకిరీ ఒకప్పుడు ఇల్లాళ్ళదే. చలికి వేళ్ళు కొంకర్లు పోయినా పడవ బయల్దేరే వేళకి పని పూర్తికావలసి ఉండేది. పెళ్ళయిన ఆడది రిబ్బను తీసేసి తలకు గుడ్డ కట్టుకోవడం ఆ దేశపు పాత ఆచారం. తలమీది స్నూడ్ పోయాక, చేతికి మిగిలినవి గాలాల స్నూడ్లే.