ఎవరి ఊరి కోసం ఈ ఏడుపు?

గల్ఫ్ వలస మీద తెలుగులో వచ్చిన కథలు, పాటలు, సినిమాలు చాలావరకు ఒకే మూసలో ఉన్నాయి. ఒక ఊరు ఉంటుంది. ఊరికి చెరువు, చెరువు కట్ట మీద చింతచెట్టు ఉంటాయి. కరువొస్తుంది, బోరు ఎండుతుంది, అప్పు పెరుగుతుంది. కొడుకు దుబాయి పోతడు. ఎడారిలో ఊరు యాదికొచ్చి ఏడుస్తడు. చివరికి పెట్టెలో శవమై తిరిగొస్తడు. ఇందులో ఏదీ అబద్ధమని మేం అనడం లేదు. శవాలు వచ్చాయి, వస్తూనే ఉన్నాయి. మా అభ్యంతరం ఆ ఊరు మీద. యాదికొస్తున్న ఆ ఊరు ఎవరిది? బోరు ఎండాలంటే ముందు బోరు ఉండాలి గదా. బోరు కంటే ముందు భూమి ఉండాలి. మాలవాడ నుంచో మాదిగవాడ నుంచో పోయినోనికి ఎండిపోవడానికి బోరెక్కడిది?

ప్రయాణం సంగతే ముందు చూద్దాం. పాత మెదక్ జిల్లాకు కరీంనగర్, నిజామాబాద్‌లకున్నంత గల్ఫ్ పేరు లేదు. మెదక్ పట్నానికి రైలు వచ్చిందే 2022 సెప్టెంబరులో, అక్కన్నపేట నుంచి వేసిన చిన్న లైను మీద. అంతకుముందు దూరం పోవాలంటే బస్సెక్కి హైదరాబాదుకో, కామారెడ్డికో చేరాలి. శంషాబాద్ విమానాశ్రయం 2008లో తెరుచుకోక ముందు గల్ఫ్ తొవ్వ చాలామందికి బొంబాయి మీదుగానే. అక్కడ ఏజెంటు చూపిన గదిలో పదిమందితో కలిసి పడుకొని వీసా కోసం, టికెట్టు కోసం రోజులు లెక్కపెట్టాలి. మెడికల్‌లో ఫెయిలైతే పెట్టిన డబ్బు మునిగినట్టే. పోయినోడు బొంబాయిలోనే ఆగిపోయి ఏ కట్టడం పనిలోనో కలిసిపోయిన కథలు మన వాడల్లో ఎన్నో. ఇంటి దగ్గర నూటికి రెండు మూడు రూపాయల మిత్తి మాత్రం ఒక్క రోజు ఆగదు.

హైదరాబాదు నుంచి దుబాయికి విమానంలో నాలుగు గంటలు. మన రచయితలు ఆ నాలుగు గంటల నుంచి కథ మొదలుపెడతారు, లేదా దిగిన తర్వాతి ఎండ నుంచి. కాని మనిషి అలిసిపోయింది అంతకంటే ముందే. భూమి కుదువ పెట్టడానికి లేనోడు అప్పు ఎవర్నడుగుతడు? పెళ్లాం పుస్తెలు అమ్ముతడు, లేదంటే ఏ దొర దగ్గర తండ్రి జీతమున్నడో ఆ దొర కొడుకు దగ్గరికే పోయి నిలబడతడు. వెట్టిచాకిరిని 1976 చట్టం రద్దు చేసింది. ఆ చట్టానికి అందని అప్పు కాగితం మీదనే ఈ ప్రయాణం మొదలైతది. అక్కడ కఫీల్ పాస్‌పోర్టు గుంజుకుంటే ఇక్కడి అప్పు, అక్కడి కఫీలు రెండూ కలిసి ఒకే తాడు పేనుతయి. ఆజాద్ వీసా అని కొన్నది ఆజాదీ ఇవ్వదు. కంపెనీ విడిచి పారిపోతే 'ఖల్లివెల్లి' అవుతడు.

ఇక పాస్‌పోర్టు. 1860 అక్టోబరులో మద్రాసు రేవు వదిలిన ట్రూరో ఓడ ఆ నవంబరు 16న డర్బన్ చేరింది. నాటాల్ చెరకు తోటలకు తమిళ, తెలుగు కూలీలను దించిన తొలి ఓడ అది. ఆ ఓడల జాబితాల్లో పేరు, వయసు, ఊరుతో పాటు కులానికీ ఒక గడి ఉండేది. ఇవాళ్టి పాస్‌పోర్టులో కులం గడి లేదు. దాని బదులు ఈసీఆర్ ఉంది. పదో తరగతి పాస్ కానోడు గల్ఫ్ లాంటి దేశాలకు పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ అనుమతి తీసుకోవాలె. ఎవరి పిల్లలు పదికి ముందే బడి మానేస్తున్నారో తెలిసినోళ్లకు ఈ ముద్ర కింద ఏ గడి దాగుందో చెప్పక్కర్లేదు. 2018 జనవరిలో కేంద్రం ఇంకో అడుగు వేసి, ఈసీఆర్ వాళ్లకు నారింజ రంగు పాస్‌పోర్టు ఇస్తామన్నది. దూరం నుంచే గుర్తుపట్టేందుకు మెడలో ముంత, నడుముకు చీపురు కట్టిన దేశం ఇది. వ్యతిరేకత వచ్చాక ఆ నెలాఖరులోనే ఆ ఆలోచన విరమించుకున్నరు. ఇంత పెద్ద విషయం మీద మనకు ఎన్ని కవితలొచ్చాయి? ఎడారి మీద మాత్రం లెక్కలేనన్ని. ఈసీఆర్ ఉన్న స్త్రీకి ముప్ఫై ఏళ్లు నిండకపోతే ఆ దేశాల్లో పనికి పోయే అనుమతే లేదు. కాపాడటం పేరుతో వేసిన ఈ గొళ్లెం ఆమెను విజిట్ వీసా ఏజెంటు చేతిలోకి తోస్తుంది.

సముద్రం దాటితే కులం పోతుందని శాస్త్రం భయపెట్టింది. ఆ భయం కులం ఆస్తిగా ఉన్నవాళ్లది. కులం బరువుగా ఉన్నవాళ్లకు అదే మాట ఆశగా వినబడలేదని ఎవరనగలరు? అంబేద్కర్ 1913లో అమెరికా పోయి, అక్కడి నుంచి లండన్ పోయి, 1917లో తిరిగొచ్చి బరోడాలో ఉద్యోగానికి దిగారు. విదేశాల్లో ఉన్న ఏళ్లలో తాను అంటరానివాణ్ణన్న ఎరుకే తుడిచిపెట్టుకు పోయిందని, బరోడా స్టేషన్‌లో ఎక్కడికి పోవాలన్న ప్రశ్నతో అది తిరిగొచ్చిందని ఆయనే రాసుకున్నారు. పార్సీ సత్రంలో పార్సీ పేరుతో తలదాచుకుంటే పదకొండో రోజున కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. ఆ రచనకు ఆయన పెట్టిన పేరులో 'వీసా' అన్న మాట ఉంది. స్వదేశానికి వీసా లేదన్నమాట. ఊరంటే ఏమిటో 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో కూడా ఆయన దాచకుండా చెప్పారు. ఇవన్నీ చదివిన మన అభ్యుదయ రచయితలు కూడా గల్ఫ్ దగ్గరికొచ్చేసరికి ఊరికి హారతి పడతారెందుకు?

సినిమాల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. 2007 'దుబాయ్ శీను' పేరులో దుబాయ్ పెట్టుకొని ఏజెంటు మోసాన్ని నవ్వులకు ముడిసరుకు చేసుకుంది. 2017 'గల్ఫ్' కనీసం ఆ కష్టాన్నే విషయంగా తీసుకుంది, అందుకు దాన్ని గౌరవిస్తాం. మలయాళంలో బెన్యామిన్ 2008లో రాసిన 'ఆడుజీవితం' వీటన్నిటికన్నా బలమైన రచన. 2024లో సినిమాగా తెలుగులోకీ వచ్చింది. అందులో నజీబ్‌కు ఎడారిలో మేకల మధ్య గుర్తొచ్చేది నది, నీళ్లు. ఆ నీళ్లలో అతను స్వేచ్ఛగా మునిగాడు. ఊరి బావిలో చేద వేయనివ్వని ఇంటి బిడ్డకు ఎడారిలో ఏ నీళ్లు గుర్తొస్తాయి? ఈ ప్రశ్నతో మొదలయ్యే నవల కోసం మేం ఎదురుచూస్తున్నాం.

అట్లని కులం విమానమెక్కదని మేం చెప్పం. కఫీల్‌కు మాల మాదిగ తేడా తెలియదు, అతను దేశం చూసి జీతం కడతడు. కాని క్యాంపు గదిలో ఎనిమిది మంచాలేసుకొని పడుకున్న మనోళ్లకు తెలుసు. ఒకే మెస్సులో తిన్న వాళ్లు సెలవు మీద ఊరికొచ్చినంక ఒకరింట్లో ఒకరు తింటరా? దీన్ని రాయడానికి ఎడారి వర్ణన అక్కర్లేదు.

ఎవరి ప్రయాణం చరిత్ర అవుతుందన్నది మెదక్‌లో కళ్ల ముందే కనబడుతుంది. పదేళ్లు కట్టి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన చర్చి ఉంది. ఇంగ్లండు నుంచి ఓడెక్కి వచ్చిన పాస్నెట్ దొర పేరు పిల్లలు కూడా చెప్తరు. కరువులో కడుపు కోసం వచ్చి రాళ్లు మోసిన కూలీల పేర్లు ఎవరు చెప్తరు? వాళ్లూ ఎక్కడెక్కడి నుంచో నడిచే వచ్చిన్రు. కొత్త బతుకు కోసమే వచ్చిన్రు.

ఊరిని తల్లిని చేసిన సాహిత్యం చివరికి చెప్పే పరిష్కారం ఒక్కటే: తిరిగి రండి. దేనికి రావాలి? తెలంగాణ వచ్చినంక 2014లో దళితులకు మూడెకరాలన్నరు, అందింది కొద్దిమందికే. 2020లో కరోనాతో పనులు పోయి జనం వాపసొస్తున్న కాలంలోనే, ఆ సెప్టెంబరులో, కేంద్రం గల్ఫ్ కార్మికుల కనీస వేతనాలను 30 నుంచి 50 శాతం తగ్గించింది. తెలంగాణ హైకోర్టు దాకా పోయి కొట్లాడితే 2021లో పాత రేట్లు తిరిగొచ్చాయి. 2024లో రాష్ట్ర ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షలిస్తామన్నది. మంచిదే. కాని దానికి అర్హత చావు. బతికొచ్చిన మనిషి లెక్కేమిటి?

ఆ మనిషి కథ ఇంకా రాలేదు. పదిహేనేళ్లు సిమెంటు కలిపి వచ్చి ఇంటికి స్లాబు వేస్తడు. వాడలో అదే మొదటి స్లాబు. ఊళ్లో జాగ కొందామని అడిగితే డబ్బుల్లేవని కాదు, అమ్మేవాళ్లు లేరని జవాబొస్తది. ఇల్లు మళ్లీ ఆ వాడలోనే లేస్తది.